మారెక్క పెనిమిటిని పేరు పెట్టి పిలిచిన పేర్లబండ

జాలిగట్టు ఊరు దాటి, జొన్నచేల మధ్య బండిబాట పట్టుకుని తూర్పుగా నడిస్తే, చేలు అయిపోయిన చోట తెల్లని పరుపుబండ కనిపిస్తుంది. అదే పేర్లబండ. గోపురం లేదు, గుడి లేదు, తలదాచుకోవడానికి పైన ఒక రేకు కూడా లేదు. వేయిస్తామని దాతలు ముందుకు వచ్చినా ఊరివారు ఒప్పుకోలేదు. ఇక్కడి వీరన్నలు ఎండలో నిలబడ్డవారు, వారిని చూడవచ్చినవారు కూడా కాసేపు ఎండలోనే నిలబడాలని ఊరివారి మాట. బండ మీద వరుసగా, మనిషి పొడవున, నల్లని మచ్చలు ఉన్నాయి. ఎన్ని వానలు కడిగినా అవి పోలేదు. వాటి తలల వైపు పసుపు రాసి కుంకుమ పెట్టి మొక్కుతారు. మచ్చలను తొక్కకూడదు. తెలియక తొక్కినవారికి మండే ఎండలోనూ అరికాలికి చల్లగా తగులుతుందట. ఆ చలి ఇల్లు చేరేదాకా వదలదట.

ఏటా మహాలయ అమావాస్యనాడు, యుద్ధాల్లో మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళవారు ఇక్కడికి వస్తారు. పాత దొరల యుద్ధాలకు పోయినవారి వంశంవారు, సముద్రాలు దాటి పరాయి దేశాల్లో రాలిపోయినవారి మనవలు, నిన్నమొన్నటి సరిహద్దు జవానుల తల్లిదండ్రులు అందరూ ఒకే వరుసలో నిలబడతారు. ప్రొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఎవరూ నోరు విప్పరు. ఆ తర్వాత ఒక్కొక్కరే తమ మనిషిని పేరు పెట్టి అన్నానికి పిలుస్తారు. అందరికంటే ముందు పిలిచేది భార్యలు. పెనిమిటి పేరు నోట పలకని మన ఇళ్ళలో ఈ ఆచారం ఎలా పుట్టిందో పెద్దలు చెప్పగా విన్నది ఇది.

పూర్వం జాలిగట్టు ఒక కోట దొర ఏలుబడిలో ఉండేది. ఊరి బోయలు వ్యవసాయం చేసుకుంటూ, దొర కబురు పంపినప్పుడు ఈటెలు పట్టుకుని యుద్ధానికి పోయేవారు. వారిలో ఒకడి భార్య మారెక్క. అతని పేరు ఇప్పుడే చెప్పడం ఇక్కడి మర్యాద కాదు. ఆమె పలికిన తర్వాతే మనమూ పలకాలి.

అతనికి తల్లీ తండ్రీ చిన్నప్పుడే కరువులో పోయారు. ఎవరి వాకిట్లో కూర్చుంటే వారు పెట్టిన ముద్ద తిని పెరిగాడు. అన్నం పెట్టినవారు ఉన్నారు గానీ, పొలంలో ఉన్నవాణ్ణి పొద్దెక్కిందని కేకవేసి పిలిచినవారు లేరు. మారెక్క కాపురానికి వచ్చాకే అతని కోసం ఒక ఇంట్లోంచి పిలుపు వచ్చింది. ఆమె గడపలో నిలబడి, "ఇదిగో, నిన్నే," అనేది. అతను వినపడనట్టు ఇటూ అటూ చూసేవాడు.

"ఎవర్నో పిలుస్తాండారప్పా," అనేవాడు పక్క చేనివాళ్ళతో.

"నిన్నేలే, సంగటి సల్లారిపోతాంది."

"నా పేరు నిన్నే కాదు గదా," అని నవ్వుతూ వచ్చేవాడు. రోజూ ఇదే సరసం. ఊరంతా విని నవ్వేది.

ఒక ఏడాది జొన్న కంకి వేసే కాలంలో దొర కబురు వచ్చింది. ఈటె భుజాన వేసుకున్నాక అతను గడపలో ఆగి, ఒక్కసారి పేరు పెట్టి పిలవమని అడిగాడు. మారెక్క నాలుక కరుచుకుంది. "పేరంటే ఆయుస్సు తగ్గుతాది. యుద్ధానికి పోతా ఏం కోరికయ్యా అది. తిరిగొచ్చినాక చూద్దాంలే," అంది. అతను సరేనని తల ఊపి వెళ్ళిపోయాడు. పైరు మీది గాలిలో అతని తలపాగా చెంగు చాలా దూరం దాకా కనిపించిందట.

జొన్న కోతలయ్యాయి. మళ్ళీ విత్తనాలు పడ్డాయి. పోయినవారిలో ఒక్కరూ రాలేదు. ఎద్దుల మీద ఉప్పు తెచ్చే వర్తకులు మాత్రం, ఏరు దాటిన దండు నీళ్ళులేని కనుమలో చిక్కుబడిందనీ, అక్కడ కాకులే తప్ప ఇంకేమీ మిగలలేదనీ చెప్పారు. శవం రాలేదు కనుక ఊళ్ళో ఏ ఇల్లాలూ బొట్టు తీయలేదు. ఏ తల్లీ ఏడవలేదు. జాలిగట్టు అంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది.

అలా ఉండగా ఒకనాడు గొర్రెలు కాసే తిప్పన్న ఊళ్ళోకి పరుగెత్తుకొచ్చాడు. పరుపుబండ అంచుకు వచ్చిన గొర్రెలు తలలు దించి వరుసగా నిలబడిపోయాయనీ, అదిలించినా కొట్టినా బండ ఎక్కడం లేదనీ చెప్పాడు. ఎందుకా అని తాను బండ మీదికి చూశాడట. అప్పుడు ప్రొద్దు సరిగ్గా నడినెత్తిన ఉంది. చెట్టు నీడ చెట్టు కిందికీ, మనిషి నీడ మనిషి కాళ్ళ కిందికీ దూరిపోయే వేళ. బండ మీద మాత్రం పొడుగాటి నీడలు వరుసగా పడి ఉన్నాయి. ప్రతి నీడ చేతిలోనూ ఈటె ఉంది. నీడలున్నాయి గానీ, మనుషులు లేరు.

మరునాడు మధ్యాహ్నం ఊరు ఊరంతా బండ దగ్గరికి వెళ్ళింది. అంత ఎండలో పిట్ట కూడా అరవడం లేదు. నీడల తలపాగా చెంగులు మెల్లగా కదులుతున్నాయి, అక్కడ గాలి లేదు. అందరూ కొయ్యబారి చూస్తుంటే, ముసలి హంపక్క ముందుకు వచ్చింది. ఒక నీడ ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదంతో పిక్క గోక్కుంటోంది. హంపక్క కొడుకు సోముడు నిలబడితే అలాగే నిలబడేవాడు. భయం సంగతి మరచిపోయి, ఇంటి వాకిట్లో ఉన్నట్టే ఆమె కేకవేసింది.

"లేయ్ సోమిగా, ఇంగ సాలు. బువ్వకు రా."

నీడ ఉలిక్కిపడింది. బండ మీద ఇనుము పడిన చప్పుడు అక్కడున్నవారందరికీ వినిపించింది. ఆ నీడ లేచి, నడిచి వచ్చి, హంపక్క పాదాల దగ్గర ఇంకిపోయింది. అది నిలబడ్డ చోట నల్లని మచ్చ మిగిలింది. హంపక్క కిందికి వంగి చూసి, "పండుకున్నాడు," అంది. అప్పుడు మొదటిసారి ఏడ్చింది.

అది చూసి తల్లులు తమ కొడుకులను పిలిచారు. చెల్లెళ్ళు అన్నలను, పిల్లలు నాయనలను పిలిచారు. పిలిచినకొద్దీ నీడలు ఈటెలు వదిలి ఇళ్ళవారి కాళ్ళ దగ్గరికి వచ్చి మాయమయ్యాయి. చివరికి ఒక్క నీడ మిగిలింది.

ఊరిపెద్ద దాన్ని పేరు పెట్టి పిలిచాడు, కదలలేదు. తిప్పన్న గొంతు చించుకుని అరిచాడు, కదలలేదు. "మనం అరిస్తే అది అరుపే. వాళ్ళింట్లోంచి పిలుపు రావాల," అన్నాడు ఊరిపెద్ద. అందరూ మారెక్క వైపు తిరిగారు.

ఆమె చూసీ చూడగానే ఆ నీడను గుర్తుపట్టింది. అయినా మెడలో తాళిని గుప్పిట పట్టుకుని, "మా ఇంటాయన బతికే ఉండాడు. ఆ నీడ యవరిదో నాకు తెలీదు," అని ఇంటికి వెళ్ళిపోయింది. పేరు పలికితే తానే అతన్ని చంపినట్టని ఆమె మనసు.

కానీ మరునాడు కాళ్ళు ఆగలేదు. ఒంటరిగా బండ దగ్గరికి పోయి, "ఇదిగో, నిన్నే," అంది. నీడ తల ఎత్తింది. ఇటు చూసింది. అటు చూసింది. మారెక్కకు నవ్వు వచ్చింది. అంతలోనే తెలిసిపోయింది, నీడ సరసమాడడం లేదు. ఆ పిలుపు ఎవరి కోసమో తెలియక నిజంగానే వెతుకుతోంది.

అయినా ఆ గొంతు వెంట అది కదిలింది. మరుసటి మధ్యాహ్నం బండ దిగి చేలో నిలబడి ఉంది. ఆ మరుసటి మధ్యాహ్నం బండిబాట మీద ఉంది. అలా రోజుకింత దగ్గరికి వచ్చి, చివరికి మారెక్క గడప ముందు ఆగింది. లోపలికి రాదు, వెనక్కి పోదు. ఈటె దించదు.

మారెక్క భయపడలేదు సరికదా, సంతోషపడింది. పొద్దెక్కగానే తల దువ్వుకుని, గడప కడిగి, ముగ్గు వేసి ఎదురుచూసేది. నీడ వచ్చి నిలబడితే దాని ముందు సంగటి పెట్టి, ఊరి కబుర్లన్నీ చెప్పేది. తన చేయి చాచి, ఆ చేతి నీడను అతని చేతి నీడ మీద ఆనించేది. ఎంత చల్లదనమో. ఎండాకాలంలో కుండ నీళ్ళు తాగినట్టు ప్రాణం జిల్లుమనేదట. పెట్టిన సంగటి అప్పటికప్పుడే పాచిపోయేది. దాని దగ్గరికి చీమ కూడా వచ్చేది కాదు. మారెక్క అది చూసీ చూడనట్టు ఉండేది.

ఒక సాయంత్రం ఆడవాళ్ళు చెలమ నుంచి నీళ్ళు మోసుకొస్తున్నారు. వెనుక ఎండకు వారి నీడలు దారి పొడవునా ముందు సాగుతున్నాయి. హంపక్క చటుక్కున ఆగిపోయింది. నీడల వరుసలో ఒక కుండ నీడ, కింద మనిషి లేకుండా, గాలిలో ఊగుతూ పోతోంది.

"మారీ, నీ కుండ నీడ ఉంది. నీ నీడేదే?"

మారెక్క కిందికి చూసుకుని, కొంగు సర్దుకుంది. "పోతే పోనీ సిన్నమ్మా. ఆయన తీసుకున్నాడేమో. ఇద్దరం ఒక్క తావునే ఉంటాం."

"నువ్వు సుకంగా ఉంటావులే," అంది హంపక్క. "వాని సంగతి చూడు. ఇంత ఎండలో ఈటె మోస్తా నిలబడే ఉండాడు గదా. నా కొడుకు పండుకున్నాడు. నీ మొగుడు ఇంకా యుద్ధంలోనే ఉండాడు."

మరునాడు మధ్యాహ్నం మారెక్క నీడ ఎదుట గడపలో, ద్వారబంధానికి తల ఆనించి కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. కలలో అతను కనిపించాడు. పెదవులు పగిలి ఉన్నాయి, పాదాలకు కనుమ దుమ్ము అంటుకుని ఉంది.

"పక్కనోళ్ళంతా పోయినారు మారెక్కా. నన్ను పొమ్మన్నోళ్ళు లేరు. కాళ్ళు పీకుతాండాయి."

"రమ్మంటాండా గదా. లోపలికి రా."

అతను వెనక్కి తిరిగి చూశాడు. "నన్నేనా?"

"నిన్నే."

"నన్నేనని యెట్ల తెలుస్తాది? ఈడ ఇంగా యెంతమందో నిలబడి ఉండారు. అందరి పెండ్లాలూ ఇదిగో అనే పిలుస్తారు. నేను నేనేనని నువ్వొక్కదానివి చెప్పాల," అన్నాడు.

ఆమెకు అతని వెనుక, దిగంతం దాకా, ముఖాలు లేని మనుషులు ఈటెలు పట్టుకుని నిలబడి కనిపించారు. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. మారెక్కకు మెలకువ వచ్చేసరికి ఒళ్ళంతా మంచుగడ్డలా ఉంది.

మరునాడు మహాలయ అమావాస్య. ఆమె తలంటు పోసుకుని, పెళ్ళినాటి చీర కట్టుకుని, వేడి సంగటి నెత్తిన పెట్టుకుని బండ వైపు బయలుదేరింది. అతని నీడ ఆమె ముందు పరుచుకుని, తోవ చూపుతున్నట్టుగా సాగింది. ఊరివారు దూరంగా వెంట వచ్చారు. బండ మీద నీడ తన పాత చోట నిలబడింది. మారెక్క ఎదురుగా నిలబడింది. తాళిని పట్టుకుంది, వదిలింది. ఎండ చిటచిటమంటోంది. ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు.

"గాదిలింగా," అంది మెల్లగా.

ఆ పేరు ఆమె నోటికి కొత్త. రెండోసారి గట్టిగా పలికింది. మూడోసారి, చేలు దాటి ఊరిదాకా వినిపించేట్టు, గొంతెత్తి పిలిచింది.

"గాదిలింగా, పొద్దు నడినెత్తికొచ్చింది. యుద్ధం అయిపోయింది. ఇంటికి రాయ్యా."

ఇనుము రాతి మీద పడి మోగింది. ఆ తర్వాత, పొలంలోంచి ఏ మనిషైనా పలికినట్టు, "ఆఁ, వస్తాండా," అని వినిపించింది. బండ మీది నుంచి వచ్చిందని కొందరు, తమ చెవి పక్కనే పలికిందని కొందరు అన్నారు. నీడ నడిచి వచ్చి ఆమె పాదాల్లో ఇంకిపోయింది. ఆ క్షణమే మారెక్క కాళ్ళ కింద ఆమె నీడ, మధ్యాహ్నపు నీడ ఎలా ఉండాలో అలా, చిన్నదిగా, గుండ్రంగా వచ్చి కూర్చుంది. సంగటి మీద ఆవిరి లేచింది.

అప్పుడు పెద్దముత్తయిదువలు, ఇక తప్పదు కనుక, ఆమె బొట్టు తుడవడానికి చేయి చాచారు. మారెక్క ఆ చేయి పట్టుకుంది.

"పిలిస్తే పలికినాడు. మీరంతా విన్నారు. పలికినోని పెండ్లానికి బొట్టెట్ల తీస్తారు?"

ఊరిపెద్ద తల దించుకున్నాడు. హంపక్క, ఇళ్ళవారు అప్పటికే బండ మీది మచ్చలకు పెట్టి మొక్కుతున్న కుంకుమలోంచి చిటికెడు తీసి, మారెక్క నుదుట ఉన్న బొట్టు మీదనే మరొక బొట్టు పెట్టింది. ఆనాటి నుంచి ఇక్కడ పెనిమిటిని పేరు పెట్టి పిలిచిన ఇల్లాలికి బొట్టు తీయరు, గాజులు పగలగొట్టరు. మారెక్క నిండు ముసలితనం వరకు బతికి, తన వంటి ఆడవాళ్ళకు పక్కన నిలబడి ధైర్యం చెప్పేదట. ఇప్పటికీ బండ దగ్గర కుంకుమ ఇచ్చేది పూజారి కాదు, ముందటి ఏడు పిలిచిన ఇల్లాలే.

సైన్యంలో చేరబోయే కుర్రవాళ్ళు కూడా కొత్త పెళ్ళికూతుళ్ళను వెంటబెట్టుకుని ఇక్కడికి వస్తారు. బండ ముందు భార్య సిగ్గుపడుతూ ఒక్కసారి పేరు పెట్టి పిలుస్తుంది. అతను పలుకుతాడు. అలా పలికి వెళ్ళినవాడు ఎంత దూరాన ఉన్నా తోవ తప్పడని నమ్మకం. మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళలో నిద్ర పట్టనివారికి నిద్ర పడుతుందనీ, మధ్యాహ్నపు వేళ గడపలో ఎవరో నిలబడినట్టు తోచే కలవరం తీరుతుందనీ చెబుతారు. వచ్చేవారు సొంత ఇంట్లో వండిన అన్నమే తేవాలి. కొన్నది పనికిరాదు.

పోయిన ఏటి మహాలయ అమావాస్యకు, మంచుకొండల్లో ప్రాణం విడిచిన ఒక జవాను భార్య చంద్రకళ వచ్చింది. బోసి నుదుటితో, అత్తగారి చేయి పట్టుకుని నిలబడింది. ఆమె వంతు దాటిపోయి, అందరూ పిలవడం అయిపోయింది. ఆమె మాత్రం పెదవి కదపలేదు. ప్రొద్దు వాలడం మొదలైనా ఒక్కరూ బండ దిగలేదు. "కానీలే తల్లీ, మాకేం తొందర లేదు," అన్నారు ఎవరో వెనుక నుంచి. చాలాసేపటికి ఆమె పిలిచింది. పిలిచి, చెవి ఒగ్గి, అలాగే నిలబడింది. తర్వాత నుదురు ముందుకు వంచింది. ముందటి ఏడు పిలిచిన ఇల్లాలు ఇచ్చిన కుంకుమను అత్తగారే పెట్టారు.

పలుకు వినిపించిందా అని ఇక్కడ ఎవరినీ అడగకూడదు. ఊరు చేరేదాకా ఆమె అన్నపు గిన్నెను రెండు చేతులా పట్టుకుని, ఎవరితోనో కలిసి నడుస్తున్నట్టు, దారికి ఒక పక్కగా నడిచింది.