కొసరు లేని యూనివర్సిటీ

అనగనగనగా గోదారి పక్కన ఒక ఊళ్ళో ఒక పెద్ద యూనివర్సిటీ ఉండేదే తల్లీ. బోర్డు మీద మాత్రం ‘సూరమ్మ ఫాస్ట్ ఫుడ్, మిరపకాయ బజ్జీ’ అని ఉండేది. చుట్టుపక్కల ప్రతి సెంటర్లోనూ దానికో బ్రాంచి. వాటిని కాలేజీలు అనేవారు.

మీ తాతయ్య కూడా అక్కడే చదివారు. తినే విభాగంలో. ఇంకా పాసవలేదు, సాయంత్రమైతే చెప్పులేసుకుని క్లాసుకి వెళ్తూనే ఉన్నారు.

వండే విభాగం వేరు. అందులో చేరినవాళ్ళు ముందు ఉల్లిపాయలు తరగాలి. ఆ చదువంతా ఏడుపే. ఆ తర్వాత శనగపిండి కలపాలి. ఆ తర్వాత నూనె దగ్గర నిలబడాలి. అన్నీ వచ్చాయనుకుంటే సూరమ్మగారు జల్లిగరిటె చేతికిస్తారు. అదే పట్టా. అది లేనివాళ్ళు బండి పెడితే కాకి కూడా వాలదు.

అప్పుడు రేవు దగ్గరుండే వీరవేణి వచ్చి చేరింది. పట్టా రాకముందే బండి కొనేసింది, తొందర మనిషి. ఆ బండిలో కోళ్ళు కాపురం పెట్టాయి.

ఏడవడం వచ్చింది. పిండి వచ్చింది. నూనె కూడా వచ్చింది. ఆఖరి పరీక్ష ఒక్కటే మిగిలింది, వడ్డన.

ఆ యూనివర్సిటీలో ఒక రూలు ఉంది. ప్లేటుకి నాలుగే బజ్జీలు. కొసరు లేదు. ఎందుకంటే ఒక కాలేజీలో ఒకటి కొసరితే, ఇంకో కాలేజీలో రెండు కొసరారు. జనం కొట్టుకున్నారు. దాంతో సూరమ్మగారు కొసరే తీసేశారు. ఒకప్పుడు ఆవిడ కొసరు కోసమే జనం పడవెక్కి వచ్చేవారట. ఆ మాట ఆవిడ దగ్గర ఎవరూ ఎత్తరు.

మొదటిసారి పరీక్షలో వీరవేణి ఒక చంటిపిల్ల తల్లికి అయిదు వేసింది. తప్పింది.

రెండోసారి “నాలుగే, నాలుగే” అనుకుంటూ నిలబడింది. నోరు నాలుగంది. చెయ్యి అయిదోది వేసింది.

“ఏమే, చెయ్యి నీదేనా, అరువుదా?” అన్నారు సూరమ్మగారు.

“మా అమ్మ చెయ్యండి. ఎవరికి ఏం పెట్టినా కొసరి పెట్టేది.”

“అయితే మీ అమ్మనే తప్పించాను. ఈసారి కూడా తప్పితే రేవు కాలేజీ మా మేనల్లుడు గంగరాజుకే.”

గంగరాజు బజ్జీ వేస్తే పిండి ఒకచోట తేలేది, మిరపకాయ ఒకచోట తేలేది. పాపం, రెండిటికీ పరిచయం చేసేవాడు కాదు.

వీరవేణి లెక్కేసుకుంది. బండి పోతుంది, రేవు పోతుంది, కోళ్ళకి శాశ్వతంగా ఇల్లు దొరుకుతుంది. అప్పుడు బాగా ఆలోచించి, చేతికి తాడు కట్టి, రెండో కొస కాలి బొటనవేలికి కట్టుకుంది.

మూడోసారి సూరమ్మగారే ఆకు ప్లేటు పట్టుకుని కూర్చున్నారు. “నాకే వెయ్యి, చూస్తాను.”

“ఆయ్, అలాగేనండి.”

బజ్జీ వేసినప్పుడల్లా వీరవేణి కాలు పైకి లేచింది. నాలుగయ్యాయి. అయిదోదానికి చెయ్యి కదిలింది. అప్పుడు కాలు నేలకేసి గట్టిగా నొక్కింది. చెయ్యి ఆగిపోయింది.

సూరమ్మగారు ఒకటి తిన్నారు. కళ్ళు మూసుకున్నారు. మిగతావీ తిన్నారు. ఆ తర్వాత కళ్ళు తెరవకుండానే ప్లేటు ముందుకి చాపారు.

చుట్టూ తింటున్నవాళ్ళు నమలడం మానేశారు. మీ తాతయ్య తప్ప.

“సిలబస్‌లో లేదండి” అంది వీరవేణి.

సూరమ్మగారు కళ్ళు తెరిచి, చాపిన తన చేతిని తనే చూసుకున్నారు.

“అడగాల్సొస్తే అది కొసరు కాదే, ముష్టి. నా చేత ముష్టెత్తించావు. ముందు ఆ తాడు విప్పు.”

వీరవేణి తాడు విప్పింది. చెయ్యి దానంతటదే అయిదోది వేసింది. సూరమ్మగారు అదీ తిని, తన సొంత జల్లిగరిటె తీసి వీరవేణి చేతిలో పెట్టారు. “అన్ని కాలేజీల్లోనూ ఒకటి కొసరండి. ఒక్కటే. అడక్కముందే” అని చెప్పారు.

ఆ తర్వాత కోళ్ళు బండి ఖాళీ చేశాయి. గంగరాజుని ఉల్లిపాయల్లో చేర్చారు. ఇప్పటికీ ఏడుస్తున్నాడు.

అదిగో, నోరు తెరుస్తున్నావు. కొసరు అడుగుతావు, నాకు తెలుసు. నువ్వు అడక్కముందే ఇస్తాను, ఇలా రా.

బాణలి పొయ్యికి, బండేమో రేవుకి,
కోళ్ళు గంపకి, కథేమో కంచికి,
కొసరు ముద్దు బుగ్గకి,
మా బంగారుతల్లి నిద్దరకి.