మాళక్క డేరా వేసిన చోటు

అనగనగా... ఈసారి ఊళ్ళో కాదు బంగారూ, ఊళ్ళన్నీ దాటుకుంటూ పోయే ఒక గొర్రెల మంద. ఆ మంద వెంట ఒక కోడలు. పేరు మాళక్క. మొగుడు కరెప్ప, మామ సిద్దప్ప, చంకలో ఐదు నెలల పాప, సామాన్లు మోసే ఒక గాడిద. అదే ఆమె సంసారం.

తొలకరి దగ్గరపడితే వాళ్ళు మేత కోసం కొండల వైపు బయల్దేరేవాళ్ళు. ఏ పూటకాపూట ఎక్కడో ఒకచోట డేరా వేసుకునేవాళ్ళు. ఇన్నేళ్ళూ ఆ చోటు చూసింది మాళక్క అత్త. ఆమె పోయి ఏడాది అయింది. ఇక ఆ పని ఎవరిదో ఎవరూ చెప్పలేదు.

పాత డేరా చూస్తే జల్లెడలా ఉంది. అందుకని బయల్దేరే ముందు మాళక్క కరెప్పని వెంటబెట్టుకుని సంతకి వెళ్ళింది. అంగడాయన మూడు గుడ్డలు పరిచాడు. ఒకటి పువ్వుల గుడ్డ, పెళ్ళి పందిరిలా ఎంత బాగుందో! ఒకటి పల్చటి నీలం ప్లాస్టిక్, మడిస్తే చంకలో పడుతుంది. ఇంకొకటి మందపాటి టార్పాలిన్, అంచుల్లో తాళ్ళు దూర్చుకోవడానికి ఇత్తడి రింగులు.

మాళక్క చెంబుతో నీళ్ళు అడిగి తెచ్చింది. పువ్వుల గుడ్డ మీద పోస్తే అటు పోసినవి ఇటు కారాయి. నీలం దాన్ని గోటితో గీకితే పర్రుమని చిరిగింది. అంగడాయన ముఖం చూడాలి నువ్వు! ఆ తర్వాత టార్పాలిన్ మీద పోసింది. నీళ్ళు ముత్యాల్లా దొర్లిపోయాయి. కింద చెయ్యి పెట్టి చూస్తే పొడి పొడి.

"ఇంత బరువా? గాడిద ఏడుస్తుంది," అన్నాడు కరెప్ప.

"పాప తడిస్తే నేనేడుస్తా," అంది మాళక్క.

అప్పుడు కరెప్ప దాన్ని భుజానికెత్తుకున్నాడు.

నాలుగు రోజులు నడిచారు. అయిదో రోజు సాయంత్రం ఒక వంక దగ్గరికి వచ్చారు. వంకంటే వానొస్తే పారే చిన్న ఏరమ్మా. ఆ వేళ అందులో చీలమండ లోతున నీళ్ళు, అద్దంలా తేటగా. పక్కనే తెల్లటి ఇసక.

"ఇక్కడే దించండి. ఇసక మెత్తగా ఉంటుంది, నా మోకాళ్ళు నొయ్యవు. మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ మేం పండుకున్నది ఇక్కడే," అన్నాడు సిద్దప్ప కొడుకుతో.

మాళక్క ఇసక చూసింది. పక్కనున్న పొదలు చూసింది. కొమ్మల మధ్య, మనిషి నడుమంత ఎత్తున, ఎండిన గడ్డీ పుల్లలూ ఇరుక్కుని ఉన్నాయి.

"మామా, ఈ గడ్డి ఇంత పైకి ఎట్లా ఎక్కింది? నీళ్ళే కదా తెచ్చింది," అంది.

సిద్దప్ప ఇసకలో కూలబడి మోకాళ్ళు రుద్దుకున్నాడు.

"అయితే ఆ చింతచెట్టు కిందికి పోదాం," అన్నాడు కరెప్ప. మిట్ట మీద ఒంటరి చింతచెట్టు. మాళక్క వెళ్ళి దాని చుట్టూ తిరిగింది. మాను పైనుంచి కిందిదాకా నల్లగా చీలి ఉంది. ఎప్పుడో పిడుగు పడ్డ చెట్టు. ఆమె పాపని గుండెకి హత్తుకుని వెనక్కి వచ్చేసింది.

ఆ తర్వాత ఇంకొంచెం పైకి ఎక్కింది. అక్కడ రాళ్ళు కలిసిన గరుసు నేల, కొంచెం వాలు, గాలికి అడ్డంగా ఒక పెద్ద బండ. బండని రెండు చేతులా నెట్టి చూసింది. కదల్లేదు. "ఇక్కడ," అంది.

"ఆ రాళ్ళ మీద నేను పండుకోలేను, మీరు పోండి," అన్నాడు సిద్దప్ప. ముసలి గొర్రెలు ఆరింటిని తీసుకుని ఇసకలోనే కంబళి పరుచుకున్నాడు. అత్త జ్ఞాపకమో, మోకాళ్ళ నొప్పో, రెండూనో పాపం. మాళక్క రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. మామకి ఎదురు చెప్పడం అదే మొదలు మరి.

పైన కరెప్ప డేరా తాళ్ళకి గూటాలు కొట్టాడు. మాళక్క డేరా మూతి గాలికి ఎదురు కాకుండా తిప్పింది. చుట్టూ జానెడు కాలువ తవ్వింది. లోపల ఎండుగడ్డి పరిచి, పైన కంబళి వేసి, పాపని పడుకోబెట్టింది. ఆ తర్వాత సంగటి ముద్ద పట్టుకుని మామ కోసం కిందికి దిగింది.

దిగి చూస్తే ఏముంది! తేటనీళ్ళు ఎర్రగా మారాయి. నురగా ఆకులూ కొట్టుకొస్తున్నాయి. దూరాన కొండ మీద ఆకాశం కాటుకలా ఉంది.

"మామా, పైకి రా, వేడిగా తిందువు."

"ఇక్కడ పెట్టిపో."

"మామా, నీళ్ళు రంగు మారాయి. పైన వాన పడుతోంది."

"మన మీద చినుకే లేదు కదమ్మీ. పో."

మాళక్క పైనున్న డేరా వైపు చూసింది. అప్పుడు అంది: "మామా, పాప గుక్కపెట్టి ఏడుస్తోంది. నువ్వెత్తుకుంటే తప్ప ఊరుకోదు."

అంతే! మోకాళ్ళూ లేవు, నొప్పులూ లేవు. సిద్దప్ప కంబళి దులిపి భుజాన వేసుకున్నాడు. "ముందే చెప్పొద్దా!" అంటూ వాలు ఎక్కాడు. ఆయన వెనకే ఆరు గొర్రెలూ బిలబిలమంటూ ఎక్కాయి.

సగం దూరం పోయారో లేదో, వెనక గుడగుడమని చప్పుడు. తిరిగి చూస్తే వంక నిండా ఎర్రనీళ్ళు, చెట్ల కొమ్మల్ని దొర్లించుకుంటూ! ఇసక లేదు, పొదలు లేవు. ఆయన కంబళి పరిచిన చోట సుడి తిరుగుతోంది.

సిద్దప్ప గబగబా పైకెక్కాడు. డేరాలోకి వంగి చూశాడు. పాప నోట్లో వేలు పెట్టుకుని హాయిగా నిద్రపోతోంది.

"ఏడుస్తోందన్నావే?"

"అబద్ధం చెప్పాను మామా," అంది మాళక్క, కళ్ళ నీళ్ళతో.

ఆయన కోడలి తల మీద చెయ్యి పెట్టాడు.

అప్పుడు వాళ్ళ మీదా వాన దిగింది. టపటపా టార్పాలిన్ మీద కొట్టింది. నీళ్ళు కాలువలోంచి పక్కకి జారిపోయాయి. గొర్రెలు బండ చాటున ఒత్తుకుని నిలబడ్డాయి. లోపల నలుగురూ ఒక్క చుక్క తడవకుండా కూర్చున్నారు. మామా కోడలూ ఒకే కంచంలో సంగటి తిన్నారు. కరెప్ప గొర్రెల్ని రెండుసార్లు లెక్కపెట్టి, "అన్నీ ఉన్నాయే!" అని పసివాడిలా నవ్వాడు.

మర్నాడు ఎండ కాసింది. డేరా ఆరబెట్టుకుని బయల్దేరారు. సాయంత్రానికి ఇంకో చోటికి చేరారు. అప్పుడు సిద్దప్ప ఏం చేశాడో తెలుసా? ఇటు చూడలేదు, అటు చూడలేదు. పాపని ఎత్తుకుని తిన్నగా కోడలి దగ్గరికి వచ్చాడు.

"అమ్మీ, ఎక్కడ దించమంటావు?" అన్నాడు.

వాన నీళ్ళు వంకకి,
గొర్రెలేమో మేతకి,
కథ నడిచె కంచికి,
కళ్ళు మూసి మనమింటికి.