ఊడ్పుల సింహాద్రి

డ్రిల్లు మాస్టారు ఇమ్మానుయేలు గారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పేవారు కాదు. జరిగిన సంగతి ఒకటి చెప్పి, ఇక నీ బుర్ర నీది అని వదిలేసేవారు.

కాలేజీలో ఆడపిల్లలకు కొత్తగా బాస్కెట్‌బాల్ పెట్టిన ఏడు, రత్నప్రభ అనే అమ్మాయి బంతి తెచ్చి ఆయన ముందు పెట్టేసింది. గోడెక్కి కూర్చున్న మగపిల్లలు "సర్కసు దిగిందిరోయ్!" అని అరుస్తున్నారు.

"నావల్ల కాదు మాస్టారూ. ముందు ఈ సిగ్గు పోయే మార్గం చెప్పండి, తరవాత ఆడతాను" అంది.

మాస్టారు గోడవైపు చూడనైనా లేదు. "కూర్చో తల్లీ" అని సింహాద్రి సంగతి ఎత్తుకున్నారు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో సింహాద్రి మా కాలేజీ జట్టులో ఫార్వర్డు. రింగు కిందికి దూసుకుపోయి బంతి వేసే పని అతనిది. కూలివాళ్ళ బిడ్డ. ఆటవల్లనే హాస్టల్లో ఉచితంగా అన్నం పెట్టేవారు. జట్టులోంచి పోతే అన్నం పోతుంది, దాని వెనకే చదువూ పోతుంది. పరిగెత్తితే ఎవరికీ అందడు గాని, ఒక్కటే లోపం. ఎదుటివాళ్ళు తప్పు చేసినప్పుడు, ఎవరూ అడ్డురాకుండా గీత దగ్గర నిలబడి వేసే ఫ్రీ త్రో అతనికి పడదు. తలపైనుంచి ఎత్తి వేస్తే బంతి రింగు వెనక చెక్కకు కొట్టుకుని వచ్చేసేది. ఈ సంగతి పక్క కాలేజీలకు తెలిసిపోయింది. అతను రింగు దగ్గరికి రాగానే చెయ్యి పట్టి లాగేవారు. లాగితే వాళ్ళకు నష్టమేముంది? చివరికి కెప్టెన్ విసిగిపోయి, "ఇంకొక్క ఆట చూస్తాను, అంతే" అన్నాడు.

అవి ఊడ్పుల రోజులు, వరి నాట్లు వేసే కాలం. ఆ ఆదివారం మాస్టారు సైకిలు మీద కాలవగట్టున పోతూ సింహాద్రిని చూశారు. గట్టుమీద కొంచెం వంగి, మోకాళ్ళ మధ్యనుంచి రెండు చేతులతో నారు కట్టలు విసురుతున్నాడు. ఒక్కొక్క కట్టా, నాటేవాళ్ళ చేతికందే చోట పడుతోంది. వాళ్ళమ్మ తలెత్తకుండానే అందుకుంటోంది.

"బంతి కూడా అట్లాగే వెయ్యరాదట్రా?" అన్నారు మాస్టారు.

సింహాద్రి ముఖం ముడుచుకుంది. "చేలో సంగతి చేలోనే ఉండనివ్వండి మాస్టారూ. మైదానంలో నేను కాలేజీవాణ్ణి."

ఈ మాట తలుచుకుంటే, ఈ కథ రాస్తున్న నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ కుర్రవాడి మీద కాదు. అన్నం పండించే పనిని దాచుకుంటే తప్ప తలెత్తుకోనివ్వని మన చదువుల మీద.

కెప్టెన్ చెప్పిన ఆట రానే వచ్చింది. మొదటి ఫ్రీ త్రోలు అలవాటు ప్రకారం తలపైనుంచే వేశాడు. రెండూ పోయాయి. కెప్టెన్ అతని బదులు ఎవర్ని దింపుదామా అని బెంచీవైపు చూశాడు. మళ్ళీ చెయ్యి పట్టి లాగారు. సింహాద్రి గీత దగ్గర నిలబడి బంతినే చూస్తూ ఉండిపోయాడు. తరవాత వంగి, రెండు చేతులతో మోకాళ్ళ మధ్యనుంచి పైకి విసిరాడు.

మైదానం గొల్లుమంది. "ఊడ్పులకొచ్చాడ్రా వీడు! ఒరేయ్, కూలెంతరా?"

బంతి రింగు అంచుకు తగలకుండా మెత్తగా లోపలికి దిగింది.

"ఇంకో కట్ట వెయ్యరా!"

వేశాడు. అదీ దిగింది. వాళ్ళు నవ్వుతూనే మళ్ళీ పట్టుకున్నారు, మళ్ళీ పడింది. కాసేపటికి నవ్వు అలాగే ఉంది గాని పట్టుకోవడం మానేశారు. ఇక అతన్ని ఆపడం ఎవరి తరం? ఆట గెలిచారు. మరుసటి ఏడు యూనివర్సిటీ జట్టుకు కూడా పిలిచారు. చదువు ముగిసేదాకా హాస్టల్లో అతని కంచం అతనికే ఉంది. ఏ ఊళ్ళో ఆడబోయినా గోల మాత్రం తప్పేది కాదు: "ఊడ్పుల సింహాద్రి వచ్చాడ్రోయ్!"

రత్నప్రభ ముఖం తేటపడింది. "అయితే మొదటి బంతి పడగానే ఆయనకు సిగ్గు పోయిందన్నమాట."

"పోయిందని ఎవరన్నారమ్మా?" మాస్టారు నవ్వారు. "ఆఖరి ఆటలో కూడా గీత దగ్గరికి వచ్చేసరికి చెవులు ఎర్రగా కందిపోయేవి. నేను పక్కనే ఉండి చూశాను."

"మరి?"

మాస్టారు బంతి తీసి ఆమె చేతిలో పెట్టారు.

"చెవులు కందితే కందనీ తల్లీ. బంతి వేసేది వాటితో కాదు కదా."