పిల్లి ముట్టని నాలుగో ధార

తెల్లవారుజామున పైడితల్లి పశువుల పాక మంచులో తేలుతున్నట్టు ఉండేది. వెన్నెల అనే ఆవు కళ్లు అరమూసి నెమరేస్తుండేది. పక్కనే తొలిచూలు ఈనిన మంగ, ఆ పక్కన ముసలి ఎద్దు. పాలు పిండేముందు ఒక్కో చన్ను నుంచి ఒక్కో ధార బండ మీదికి వదిలేది పైడితల్లి. అది నల్లపిల్లి వాటా.

ఒకనాడు పిల్లి నాలుగో ధార నాకి మొహం చిట్లించింది. పైడితల్లి అటు వెళ్లగానే ఆవు చెవి దగ్గరికొచ్చింది.

"అక్కా, నీ కుడివైపు వెనక చన్ను పాలు ఉప్పగా ఉన్నాయి."

వెన్నెల ఉలిక్కిపడింది. "వాపు లేదే! పాలు కూడా తెల్లగానే ఉన్నాయి."

"లోపల్లోపలే ఉందిలే. పైడితల్లికి తెలిస్తే డాక్టరొచ్చి సూది పొడుస్తాడు. నేను ఎవరికీ చెప్పను. నువ్వు మాత్రం రోజూ తపేలా ఒక్క తన్ను తన్ను. ఆ గొడవలో ఆమె ఏదీ గమనించదు."

సూదంటే వెన్నెలకు ప్రాణభయం. ఒప్పుకుంది. రోజూ తపేలా దొర్లేది, పైడితల్లి తల పట్టుకునేది, పిల్లి ఒలికిన పాలు తాగి బలిసింది.

ఒక ఉదయం ఎద్దు అడిగింది: "ఏమ్మా, మంచిదానివి, ఎందుకలా తంతున్నావు?"

వెన్నెల దాచలేక చెప్పేసింది.

ఎద్దు మంగ వైపు తల తిప్పింది. "నీ తర్వాత అవే చేతులతో మంగను పిండుతుంది కదమ్మా. నీ జబ్బు దానికీ అంటుకోదూ?"

వెన్నెల నెమరు ఆపేసింది. మంగ నిద్రలో తోక ఊపుతోంది, ఏ కల కంటోందో!

ఆ పూట వెన్నెల సూది భయం ఉన్నా కాలు కదపకుండా నిలబడింది. పైడితల్లి ఆశ్చర్యపోయి, తీరిగ్గా చుట్టూ చూసింది. బండ మీద పిల్లి మూడు ధారలు నాకి, నాలుగోదాన్ని వాసన చూసి వెనక్కి తగ్గింది.

"పిల్లి ముట్టని పాలా!"

వెంటనే నాలుగు కొబ్బరిచిప్పల్లో నాలుగు చన్నుల పాలు విడివిడిగా పట్టి, బట్టల సబ్బుపొడి కలిపిన నీళ్లు సమానంగా పోసి తిప్పింది. జబ్బు చన్ను పాలైతే ముద్దకడతాయని ఆమెకు తెలుసు. మూడు చిప్పల్లో పాలు పలచగానే తిరిగాయి. నాలుగోదాంట్లో జిగటగా ముద్దకట్టాయి.

పశువుల డాక్టరు వచ్చాడు. "పైకి కనబడని పొదుగువాపు. త్వరగానే పట్టుకున్నావమ్మా," అన్నాడు. చన్నులోకి మందు ఎక్కించాడు. తను చెప్పేదాకా ఆ ఆవు పాలు ఎవరూ తాగకూడదన్నాడు, దాన్ని అందరికన్నా చివర పిండమన్నాడు, చేతులు కడుక్కోమన్నాడు. వెన్నెలకు సూది భయమే గుర్తు రాలేదు. తనకన్నా ముందు పిండించుకుంటున్న మంగనే చూస్తూ నిలబడింది.

కొన్నాళ్లకు నాలుగో చిప్పలోనూ పాలు పలచగా తిరిగాయి. ఇప్పుడు తొలి ధారలు గిన్నెలోకి పట్టి దూరంగా పారబోస్తోంది పైడితల్లి. పిల్లి గడపవతల మంచులో తడుస్తూ బతిమాలింది: "అక్కా, ఈ ఒక్క పూట కాలు కదపవూ?"

వెన్నెల కళ్లు తెరవకుండానే అంది: "కాలు మంచి నిద్రలో ఉందే, లేపకు."

నీ జబ్బు దాచిపెట్టమని చెప్పేవాళ్లకు ఆ దాపరికంలో తమ లాభమేదో ఉంటుంది.