మీసం కలపందే నడుం పట్టని నూకాలు

గుమ్మలకొండ అడవిలో కోతులున్నాయి, దుప్పులున్నాయి, ఒక ముసలి ఎలుగుబంటి కూడా ఉంది. వాటి సంగతి మనకొద్దు. మన కథ నేరేడు చెట్టు మీది ఎర్రచీమలది.

ఆ చీమలు ఆకులు కుట్టి గూడు కట్టుకుంటాయి. లాగుడు జట్టు చీమలు ఒకదాని నడుం ఒకటి నోటితో పట్టుకుని, గొలుసులా నిలబడి, ఆకుల అంచులను దగ్గరికి లాగుతాయి. కుట్టుడు జట్టు చీమలు పిల్లపురుగులను నోట కరుచుకుని తెచ్చి, వాటి నోట్లోంచి వచ్చే దారంతో ఆ అంచులు కుడతాయి.

నడుం పట్టేముందు మీసాలు కలిపి చూడటం వాటి ఆచారం. తన జట్టుదైతే గట్టిగా పట్టుకోవాలి. కాకపోతే అలగకుండా వెనక్కి తగ్గాలి.

మీరు అమ్మ కడుపులో ఉన్నప్పుడు మీ ఒంట్లోని కణాలూ ఇంతే. తాకి చూసుకుని, తమవాటిని అంటుకుని, పక్కవాటి హద్దు దగ్గర ఆగిపోయాయి. అందుకే మీ కన్ను కన్నులా, చెయ్యి చెయ్యిలా ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం కోతి ఒకటి గూడు చింపేసింది. పిల్లలన్నీ కొమ్మ మీద పడ్డాయి. పైన మబ్బు కమ్ముకొచ్చింది. వాన పడేలోగా కొత్త గూడు కట్టకపోతే పిల్లలు కొట్టుకుపోతాయి.

"మీసాలు కలుపుతూ కూర్చుంటే తెల్లారినట్టే," అంది పెద్దచీమ బంగారమ్మ. "అందరం ఒకే ఇంటివాళ్లం. ఎవరు దొరికితే వాళ్ల నడుం పట్టండి."

లాగుడు జట్టులోని నూకాలుకి ఒళ్లు మండిపోయింది.

"నేను పట్టను పెద్దమ్మా. నా వెనక ఎవరున్నారో తెలియకుండా ఆకు ఎలా లాగను?"

"అయితే నీకు నా గూట్లో చోటు లేదు."

"లేకపోతే పోనీ. పిల్లల్ని మాత్రం వాన పాలు చెయ్యను."

నూకాలు పక్క కొమ్మకి పోయింది. దానితో పాటు రెండు జట్లలోంచి ఇరవై చీమలు పిల్లలు కొన్నింటిని తీసుకుని కదిలాయి. వాన తరుముకొస్తున్నా ఒక్కొక్కదానితో మీసం కలిపి మరీ నడుం పట్టింది నూకాలు. తొలి చినుకు పడేలోగా ఆకుల అంచులు కుట్టేసి గూడు నిలబెట్టాయి.

అక్కడ బంగారమ్మ గొలుసులో కుట్టుడు జట్టు చీమ ఒకటి మధ్యలో దూరింది. దాని నోట్లో పిల్ల ఉంది. ఇక ముందున్నదాని నడుం దేంతో పట్టుకుంటుంది? గాలి ఒక్క ఊపు ఊపింది. గొలుసు తెగింది. ఆకు ఫట్‌మని విచ్చుకుని, అంచున ఉన్న బంగారమ్మని ఎక్కడికో విసిరేసింది. మిగతా చీమలు పిల్లల్ని కరుచుకుని నూకాలు గూటికి పరుగెత్తాయి. నూకాలు వాకిట్లో నిలబడి, ఒక్కొక్కదానితో మీసం కలిపి, దాని జట్టు వైపు పంపింది.

వాన వెలిశాక బంగారమ్మ తడిసి, కుంటుతూ వచ్చింది. నూకాలు దారి వదల్లేదు.

"మీసం కలుపు పెద్దమ్మా."

బంగారమ్మ తల దించుకుని కలిపింది.

"మా ఇంటిదానివే, రా," అంది నూకాలు. "నీ చోటు లాగుడు జట్టులో, అందరికన్నా చివర."

నీతి: అందరిదీ ఒకే ఇల్లయినా, ఎవరి చోటు ఏదో ఎరిగి నిలబడితేనే ఆ ఇల్లు నిలుస్తుంది.