నక్కగారి తాతల ద్రాక్షతోట

ఏడాదిలో సగం మంచు కింద ఉండే ఉత్తరాది దేశంలో ఒకే ఒక్క కొండవాలు మీద ద్రాక్ష పండేది. సూర్యభగవానుడు కాస్త దయగా చూసేది ఆ వాలునే. కుందేలు వెన్నమ్మ ఇంటివాళ్ళు అక్కడ తరతరాలుగా తోట పెంచి, వైన్ చేసి, మొదటి గిన్నె సూర్యుడికి చూపించి, మిగిలింది అడవికి పంచేవారు. పులుపు ఎక్కువే. అయినా ఆ చలిలో గొంతు దిగితే ప్రాణం లేచొచ్చేది.

ఒక ఏడాది కోతలయ్యాక నక్క పింగళయ్య మెడలో ఎండిన ద్రాక్షగుత్తి వేలాడేసుకుని ఎలుగు దొర గుహకు వచ్చాడు.

"దొరా, ఆ వాలు మా తాతలది. ఈ దేశానికి వైన్ నేర్పిందే మా వంశం. ఈ కుందేళ్ళు మా దగ్గర కూలికి మట్టి తవ్వినవాళ్ళు."

చలికాలపు నిద్రకు ముందు ఎలుగు దొర తీర్పులన్నీ ఆవలింతల మధ్యే. "ఏమంటావు వెన్నమ్మా?"

తోట పోతే పిల్లల్ని తీసుకుని మంచులోకి నడవాల్సిందే. అయినా వెన్నమ్మ గొంతు పెంచలేదు. "మా ముత్తవ్వ నాటిందని అమ్మ చెప్పింది దొరా. పింగళయ్య బాబూ, పెద్దింటివారు, మీ తాతగారు చలికాలంలో తీగల్ని ఏం చేసేవారు?"

"ఏం చేస్తారు! పందిళ్ళ మీద నిలబెట్టేవారు, సిపాయిల్లా!"

"మట్టి కప్పేవారు కాదా?"

పింగళయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "విన్నారా దొరా! బతికున్నవాటిని పూడుస్తుందట! కనబడిందల్లా బొరియలో దూర్చడమేనా?"

"మాకు తెలిసిందదే బాబూ. పై సగం మీ తాతల పద్ధతిలో నిలబెట్టండి. కింది సగం మేం పడుకోబెడతాం. ఎవరి సగం చిగురేస్తే తోటంతా వాళ్ళది."

అంత గొప్ప చెప్పుకున్నాక పింగళయ్య కాదంటాడా! దొర సరేనని గుహలోకి పోయాడు. వెన్నమ్మ పై సగం వైపు ఒకసారి చూసి, దణ్ణం పెట్టుకుని, పిల్లలతో కలిసి కింది తీగల్ని వంచి మట్టి కప్పింది.

మంచు పడింది. పందిళ్ళ మీద తీగలు టప్‌టప్‌మని పగలడం మొదలైంది. పింగళయ్య గుట్టుగా వెళ్ళి మట్టి కప్పబోయాడు. నేల రాయిలా గడ్డకట్టింది. గోళ్ళు విరగడమే మిగిలింది.

వసంతంలో దొర లేచి వచ్చాడు. పై సగం పొయ్యిలో పెట్టడానికి సిద్ధంగా ఉంది. కింద మట్టి తీయగానే గులాబీరంగు చిగుళ్ళు.

"ఈ ఏటి చలికి మా వంశ మర్యాద తెలియదు దొరా!" అన్నాడు పింగళయ్య.

"మా ముత్తవ్వ కాలంలో కొంగలు దక్షిణాది నుంచి తెచ్చిన తీగల మర్యాద కూడా చలికి తెలియలేదట బాబూ," అంది వెన్నమ్మ. "అన్నీ చచ్చాయి. మా ముత్తవ్వ బొరియ కూలి, మట్టిలో కూరుకుపోయిన ఒక్కటే బతికింది. అప్పట్నుంచీ పూడుస్తున్నాం."

ఎలుగు దొర గుర్రుమన్నాడు. "చలికాలమంతా నేల కింద పడుకునే నన్ను చూసైనా తెలియలేదురా? తోట వెన్నమ్మది. ఇకనుంచి ఏటా ఆ మట్టి తవ్వే కూలి పని నీది."

ఇప్పటికీ పింగళయ్యే తవ్వుతున్నాడు. దారినపోయే ప్రతివాడినీ ఆపి, తీగలు పూడ్చే విద్య తన తాత కనిపెట్టిందేనని చెబుతున్నాడు కూడా.

లేని తాతల్ని తెచ్చుకుంటే, వాళ్ళ చాకిరీ కూడా మనమే చెయ్యాలి.