లక్ష తగ్గించిన కాలేజీ

పిండిమర తాతబ్బాయి ఇంట్లో ఉండేది ముగ్గురే. ముగ్గురికీ ఒకటే ధీమా, తమని బేరంలో మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదని. తాతబ్బాయి పెళ్ళాం అచ్చాయమ్మ అయితే మరీను. కిలో వంద చెప్పి నలభై తగ్గిస్తే వంకాయలు కొంటుంది. మొదటే ముప్ఫైకి ఇస్తానంటే, పోవయ్యా అంటుంది.

కూతురు నూకరత్నం ఇంటర్ పాసైంది. ఇంట్లోనే ఉండి ఫోన్‌లో డిగ్రీ చదువుతానంది. ఆ ఇంట్లో డిగ్రీ మొహం చూసినవాళ్ళు లేరు. చేరడానికి శనివారం దాకానే గడువు.

"రెండు కాలేజీలున్నాయమ్మా. ఒకదాని ఫీజు ముప్ఫై వేలు, సాయం కింద ఇరవై వేలు తగ్గిస్తారంట. రెండోదాని ఫీజు రెండు లక్షలు, లక్ష తగ్గిస్తారంట."

"ఇందులో ఆలోచించేదేముందే? లక్ష పెద్దదా, ఇరవై వేలు పెద్దదా?" అంది అచ్చాయమ్మ.

అంతే, రెండోదానికి ఊ అనేశారు. లక్ష మిగిలింది కదా అని తాతబ్బాయి వాయిదాల మీద ఫ్రిజ్ తెచ్చాడు. ఇంకేముంది, మర్నాడే కాలేజీ అమ్మాయి ఫోన్ చేసి మిగతా లక్ష కట్టమంది.

"మీరిచ్చిన లక్ష ఉందిగా, అందులో పట్టుకోండమ్మా" అన్నాడు తాతబ్బాయి.

"అది ఫీజులోనే తగ్గించేశామండి. మీ ఆదాయం ఇంకా తక్కువైతే చెప్పండి, ఇంకొంచెం సాయం వస్తుంది."

"తక్కువ చేసుకోడం ఎంత పని" అని తాతబ్బాయి మరకి తాళం వేసేశాడు. పిండి ఆడించుకోడానికి వచ్చినవాళ్ళు తిట్టుకుంటూ పక్క వీధికి పోయారు. అచ్చాయమ్మ అరుగు మీద కూర్చుని, పోయినవాళ్ళని ఒక్కొక్కళ్ళనే లెక్కపెట్టుకుని మురిసిపోయింది, సాయం పెరుగుతోందని.

శనివారం పొద్దున ఎదురింటి టైలరు సుభానీ చూడలేక వచ్చాడు. "చెల్లెమ్మా, అసలు ఫీజే లేని కాలేజీ ఒకటుంది. ఇదిగో నంబరు."

అచ్చాయమ్మ వెంటనే ఫోన్ చేసింది. "ఎంత తగ్గిస్తారు బాబూ?"

"ఫీజే లేదు కదమ్మా, దేంట్లో తగ్గించేది?"

"పోనీ, ముందు ఓ లక్ష వేసి తర్వాత తీసెయ్యండి."

"అలా కుదరదమ్మా."

అచ్చాయమ్మ ఫోన్ పెట్టేసింది. "చూశారా అన్నయ్యా, పైసా తగ్గించని పిసినారులు. వాళ్ళ దగ్గర పిల్లనెలా చేరుస్తాం?"

సుభానీ తిరిగి తన కుట్టుమిషను దగ్గరికి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి గడువు కాస్తా దాటింది. నూకరత్నం ముక్కు చీదుతూ కూర్చుంది.

"ఏడవకే" అన్నాడు తాతబ్బాయి. "చేరితే లక్షే మిగిలేది. చేరలేదు కాబట్టి రెండు లక్షలూ మిగిలాయి."

నూకరత్నం కళ్ళు తుడుచుకుంది. "మరి నాన్నా, డాక్టరు కాలేజీలో కూడా చేరకపోతే? కోటి అంట ఫీజు."

ఇంకేముంది, ముగ్గురూ ఫోన్ చుట్టూ చేరారు. ఖరీదైన కాలేజీలు వెతికి వెతికి, ఒక్కోదాంట్లో చేరడం మానేశారు. అన్నాల వేళకి మూడు కోట్ల పదిహేను లక్షలు మిగిలాయి.

"ఆ ఫీజు లేని కాలేజీ కూడా మానేద్దామా అమ్మా?" అంది నూకరత్నం.

"దాని జోలికెళ్ళకు" అని కసిరింది అచ్చాయమ్మ. "అది మానేసినా మనకి పైసా మిగలదు."